మా తమ్ముడి కేసులో ఆ ఇరవై శాతం

మా తమ్ముడు 2022 నవంబర్‌లో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. వాడికి అప్పుడు 23, గుంటూరులో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ, ఫైనలియర్. ఇన్నాళ్ళూ వాడి గురించి ఏదైనా రాద్దామని కూర్చుంటే రెండు లైన్లు కూడా పడేవి కాదు. వాడి యాక్సిడెంట్ పరిహారం కేసు గురించి రాద్దామంటే మాత్రం ఆగకుండా వస్తోంది, ఎందుకంటే ఈ రెండున్నరేళ్ళు వాడిని మేం తలుచుకున్నది కోర్టు కాగితాల్లోనే. ఇలాంటి కష్టం ఇంకో ఇంటికి రాకూడదు గానీ వస్తే ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, దేనికి ఎన్ని రోజులు గడువో తెలిసి ఉంటే కొంచెం నయం కదా అని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మాది చిలకలూరిపేట. నాన్న గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు, అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను, నా పెళ్ళయి ఇదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉంటాను. వాడు రోజూ గుంటూరు వెళ్ళొచ్చేవాడు, ఎక్కువగా బస్సులో, లేటయ్యే రోజైతే బైక్ మీద. వాడికి పైకి చదివితే తప్ప ఎక్కేది కాదు, రాత్రి అమ్మ మిషన్ తొక్కుతుంటే పక్కన కింద కూర్చుని కేసులన్నీ అమ్మకి కథల్లా చెప్పేవాడు. టార్ట్స్ అని, ఒకరి వల్ల ఇంకొకరికి జరిగే నష్టాల గురించిన సబ్జెక్టులో ఒక పాత కేసు ఉంటుందట, స్కాట్లాండ్‌లో ఒకావిడ కూల్ డ్రింక్ తాగుతుంటే సీసాలోంచి కుళ్ళిన నత్త బయటపడిందని. సీసా తయారు చేసినవాడు ముక్కూమొహం తెలియని మనిషి పట్ల కూడా జాగ్రత్తగా ఉండాల్సిందేనని 1932లో తీర్పొచ్చింది. అమ్మకి ఆ నత్త బాగా గుర్తుండిపోయింది, ఎవరింట్లోనైనా కూల్ డ్రింక్ ఇస్తే గ్లాసులో పోయించుకుని చూసుకుని మరీ తాగేది. వాడికి హైకోర్టు, ఢిల్లీ అని పెద్ద కోరికలేం ఉండేవి కావు, పేటలోనే సివిల్ సైడ్ ప్రాక్టీస్ పెడతానని, మిల్లు వాళ్ళ కేసులు చూస్తానని అనేవాడు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్‌కి వేలల్లో ఫీజు ఉండేది అప్పట్లో, దానికోసమని పోస్టాఫీసులో నెలకి 500 ఆర్‌డీ కట్టేవాడు, నామినీ అమ్మ.

ఆ సాయంత్రం 7:38కి నాకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను, అది నేను రెండున్నరేళ్ళు ఎవరికీ చెప్పని సంగతి.

యాక్సిడెంట్ ఎన్‌హెచ్ 16 మీద, యడ్లపాడు దగ్గర. హైవే మీద ఒక లారీ ఆగి ఉంది, వెనక లైట్లు లేవు, ఇండికేటర్ లేదు, కోన్ కాదు కదా ఒక చెట్టు కొమ్మ కూడా అడ్డం పెట్టలేదు, సగం బండి మార్జిన్‌లో సగం రోడ్డు మీద. డ్రైవర్ భోజనానికి వెళ్ళాడట. మావాడు వెనక నుంచి వెళ్ళి తగిలాడు. హెల్మెట్ ఉంది, తలకి ఏం కాలేదు, ఛాతీ లోపల దెబ్బ. పక్కన టీ కొట్టు ఆయన 108కి ఫోన్ చేశాడు, గుంటూరు పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. మేం వెళ్ళేసరికి వాడి క్లాస్‌మేట్లు పది మంది దాకా అక్కడున్నారు, వాళ్ళకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ రాత్రి వాళ్ళు చేసిన మేలు ఎంతదో మాకు అప్పుడు తెలీలేదు. పోలీసు స్టేషన్‌లో కంప్లైంట్ రాసేటప్పుడు ఒకాయన "మా అబ్బాయి బైక్ మీద వస్తూ ఆగి ఉన్న లారీని ఢీకొని చనిపోయినాడు" అని రాసిచ్చేసి నాన్నని సంతకం పెట్టమన్నాడు. నాన్న పెట్టేసేవాడే, ఆయనకి ఆ టైంలో ఏ కాగితమైనా ఒకటే. వాడి క్లాస్‌మేట్ అమ్మాయి ఒకామె పక్కనే ఉండి ఆ కాగితం తీసుకుని చదివి, "అంకుల్, ఇలా కాదు, లారీ ఎలా ఆపి ఉందో రాయాలి" అని మళ్ళీ రాయించింది: ఏ లైట్లూ రిఫ్లెక్టర్లూ లేకుండా రోడ్డు మీదకి వచ్చేలా నిర్లక్ష్యంగా ఆపిన లారీ వల్ల, అని. మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉంది, ప్రమాదం జరిగేలా బండిని రోడ్డు మీద వదిలెయ్యకూడదని. వాళ్ళకది సిలబస్‌లో ఉందట. ఎఫ్‌ఐఆర్ లారీ డ్రైవర్ మీద 304-ఏ (నిర్లక్ష్యం వల్ల మరణం) కింద పడింది. కంప్లైంట్ ఇచ్చినవాళ్ళకి ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి, అందులో ప్రమాదం జరిగిన టైం ఏం రాశారో అక్కడే చూసుకోండి. మా దాంట్లో 20:00 గంటలు అని ఉంది. ఆ నంబర్ ఎంత పనికొస్తుందో అప్పుడు ఎవరికి తెలుసు.

పెద్దకర్మ అయ్యాక కాగితాలు మొదలైనయ్యి. డెత్ సర్టిఫికెట్ మా ఊరి మున్సిపాలిటీలో దొరకదు, మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే రిజిస్టర్ అవుతుంది కాబట్టి గుంటూరు కార్పొరేషన్‌కి వెళ్ళాలి, ఇది తెలియక రెండు రోజులు పోయాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి వార్డు సచివాలయంలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. పోస్టాఫీసులో ఆర్‌డీ క్లోజ్ చేయడానికి అమ్మని తీసుకెళ్తే కౌంటర్‌లో ఆయన "డిపాజిటర్ సంతకం కావాలి" అన్నాడు చూసుకోకుండా, అమ్మ నా వైపు చూసింది, నేను డెత్ సర్టిఫికెట్ లోపలికి తోశాను. పద్దెనిమిది నెలలు కట్టాడు. ఆ డబ్బు అమ్మ తన బీరువాలో పాస్‌బుక్‌తో కలిపి పెట్టింది, ఇప్పటికీ తీయలేదు.

పరిహారం కోసం క్లెయిమ్ కేసు వెయ్యాలని మాకు తోచనే లేదు. నాన్న అయితే "పిల్లోడిని పోగొట్టుకుని డబ్బులు అడుక్కోవడమా" అన్నాడు. ఫిబ్రవరిలో ఆ క్లాస్‌మేట్ అమ్మాయే ఇంటికొచ్చి చెప్పింది, 2022 ఏప్రిల్ 1 నుంచి రూల్ మారింది అంకుల్, యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల లోపల పిటిషన్ వెయ్యాలి, ఇదివరకటిలా ఎప్పుడైనా వేసుకోవచ్చని కాదు అని. పోలీసులు 48 గంటల్లో, ఈ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌కి ఫస్ట్ యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాలని, పది రోజుల్లో ఇంట్లోవాళ్ళకి మీ హక్కులు ఇవీ అని ఒక ఫారం ఇవ్వాలని కూడా కొత్త రూల్స్‌లో ఉందట, మాకు ఏ ఫారమూ ఎవరూ ఇవ్వలేదు. నాన్న ఇంకా ఆలోచిస్తుంటే ఆ అమ్మాయి, "అంకుల్, ఇది అడుక్కోవడం కాదు, ఆ లారీ వాడిది తప్పు అని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా" అంది. ఆ మాటతో ఒప్పుకున్నాడు.

రెండు దార్లు ఉన్నాయని లాయర్ గారు చెప్పారు. మోటారు వాహనాల చట్టంలో 164 సెక్షన్ కింద అయితే తప్పు ఎవరిదని నిరూపించక్కర్లేదు, మరణానికి 5 లక్షలు, అంతటితో అయిపోయినట్టే. 166 కింద అయితే తప్పు నిరూపించాలి, టైం పడుతుంది, కానీ మనిషిని బట్టి లెక్క కడతారు. పిటిషన్ యాక్సిడెంట్ జరిగిన చోటే వెయ్యాలని లేదు, మనం ఉండే చోట ట్రిబ్యునల్‌లో కూడా వేసుకోవచ్చు. 166 కిందే 2023 ఏప్రిల్‌లో వేశాం, ఎం.వి.ఓ.పి. అని కేసు నంబర్ పడింది. పిటిషనర్లు అమ్మ, నాన్న. నేను లేను. నాకు పెళ్ళయింది, నేను వాడి సంపాదన మీద బతికే మనిషిని కాదు కాబట్టి నన్ను పెట్టినా లెక్కలోకి తీసుకోరు అన్నారు. న్యాయంగా అది కరెక్టే. కానీ ఆ పిటిషన్ మొత్తం నేనే దగ్గరుండి టైప్ చేయించి, జిరాక్స్‌లు తీయించి, మొదటి పేజీలో నా పేరు లేకపోవడం చూసి ఇంటికి వచ్చాక చాలాసేపు ఏడ్చాను.

కావలసిన కాగితాలు ఇవి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్ట్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చే ఎంవీఐ రిపోర్ట్, స్పాట్ రఫ్ స్కెచ్, ఛార్జిషీట్, లారీ ఇన్సూరెన్స్ పాలసీ కాపీ, ఆర్‌సీ, వాడి లైసెన్స్, ఆధార్, మార్కుల మెమోలు, కాలేజీ స్టడీ సర్టిఫికెట్. ఛార్జిషీట్ లారీ డ్రైవర్ మీద పడటం అన్నిటికంటే ముఖ్యం, అది లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు మొత్తం చచ్చిపోయిన మనిషి మీదకే నెట్టేస్తారు.

పోస్ట్‌మార్టం రిపోర్ట్ నేను చదవకూడదనుకున్నాను. జిరాక్స్ తీయిస్తుంటే కళ్ళు పడ్డాయి. అందులో ఒక లైన్‌లో కడుపులో సగం అరిగిన అన్నం ఉందని రాశారు. ఆ రోజు పొద్దున లేటయిందని క్యారేజీ తీసుకెళ్ళలేదు, అప్పటిదాకా మూడు నెలలుగా అమ్మ అందరినీ అదే అడుగుతోంది, వాడు ఆ రోజు ఏమైనా తిన్నాడో లేదో అని, వాడి ఫ్రెండ్స్‌ని కూడా అడిగింది, ఎవరికీ గుర్తులేదు. ఇంటికి వెళ్ళి చెప్పాను, "అన్నం తిన్నాడమ్మా" అని. ఎలా తెలిసిందని అమ్మ అడగలేదు.

2024లో సాక్ష్యం మొదలైంది. నాన్న పీడబ్ల్యు 1, అంటే మా తరఫు మొదటి సాక్షి. ఇన్సూరెన్స్ లాయర్ క్రాస్ చేశాడు, పెద్దగా అరవలేదు, మామూలుగానే అడిగాడు, ఆయన పని ఆయన చేశాడు. మీ అబ్బాయికి చనిపోయే నాటికి సంపాదన లేదు, ఔనా కాదా. మీరు ప్రమాదం చూడలేదు, ఔనా కాదా. లారీ ఆగి ఉంది, కదలని బండిని కదిలే బండి వెళ్ళి కొట్టింది, ఔనా కాదా. నాన్న అన్నిటికీ ఔనండి అన్నాడు, నిజమే కాబట్టి. ఆఖర్న, మీ అబ్బాయి అతివేగంగా అజాగ్రత్తగా నడపడం వల్లే ప్రమాదం జరిగిందని చెప్తున్నాను అన్నాడు. నాన్న కాదండి అన్నాడు. అది టైప్ అయి వచ్చేసరికి "నా కుమారుడు అతివేగముగా మరియు అజాగ్రత్తగా నడిపినందువలన ప్రమాదము సంభవించినది అనుట సరికాదు" అని ఉంది. దాని కింద నాన్న సంతకం పెట్టాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని "అనుట సరికాదు" అని రెండుసార్లు అనుకున్నాడు తనలో తనే.

టీ కొట్టు ఆయన పీడబ్ల్యు 2. మొదటిసారి వచ్చినప్పుడు వాయిదా పడింది, రెండోసారీ పడింది, మూడోసారి సాక్ష్యం చెప్పాడు, మూడు రోజులూ కొట్టు మూసుకుని వచ్చాడు. బస్సు ఛార్జీలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయనే చెప్పాడు, 108 వచ్చేదాకా మావాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నానని, అక్క నంబర్ చెప్పబోయాడని, సగం నంబర్ చెప్పాడని. నేను అది కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను.

మధ్యలో లోక్ అదాలత్‌లో 9 లక్షలకి రాజీ పడతారా అని అడిగారు. చాలామంది ఒప్పుకుంటారు, తప్పేం లేదు, ఇంట్లో పరిస్థితి అలాంటిది ఉంటుంది. రాజీలో తప్పెవరిదో ఏం రాయరు అని తెలిశాక నాన్న వద్దన్నాడు.

ఈలోగా ఆ అమ్మాయి చదువు అయిపోయి, 2024 జులైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 కంటే ఎక్కువ తీసుకోకూడదని చెప్పాక ఆగస్టులో అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అయింది, మా లాయర్ గారి దగ్గరే జూనియర్‌గా చేరింది. మా తరఫున వాదించడానికి ఇచ్చే వకాలత్ మీద ఆమె సంతకం కూడా చేరింది. కొత్త నల్లకోటు వేసుకుని మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఆ కోటు కాలరు దగ్గర కుట్టు చూసి, ఇక్కడ సరిగా పడలేదు ఇలా ఇవ్వు అని తీసుకుని విప్పి మళ్ళీ కుట్టిచ్చింది. మేం ఎవ్వరం ఏం మాట్లాడలేదు.

పరిహారం లెక్క ఎలా కడతారో నాకు ఆమే నేర్పింది. అకౌంట్స్ చేసేదాన్ని కాబట్టి తొందరగానే అర్థమైంది, అర్థమవడమే కష్టంగా అనిపించింది. చదువుకునే పిల్లాడికి జీతం ఉండదు కాబట్టి నోషనల్ ఇన్‌కమ్ అని ఊహించి ఒక అంకె వేస్తారు. దానికి భవిష్యత్తులో పెరిగేది 40 శాతం కలుపుతారు. స్టూడెంట్‌కి ఇది కలపరని ఇన్సూరెన్స్ వాళ్ళు వాదిస్తారు గానీ 2021లో సుప్రీంకోర్టు మీనా పవాయియా కేసులో ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్ విషయంలో కలపాలనే చెప్పింది. పెళ్ళికాని వాడైతే సగం తీసేస్తారు, ఆ సగం తన సొంతానికి ఖర్చుపెట్టుకునేవాడని లెక్క. అమ్మకి ఇది చెప్తే "వాడు ఏనాడు సగం ఖర్చుపెట్టుకున్నాడే" అంది. మిగిలినదాన్ని వయసుని బట్టి మల్టిప్లయర్‌తో గుణిస్తారు, 15 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి 18. అమ్మానాన్నల వయసు కాదు, పోయినవాడి వయసే చూడాలి. ఈ టేబుల్ అంతా 2009లో సరళా వర్మ కేసులో వచ్చింది, 40 శాతం సంగతి 2017లో ప్రణయ్ సేథీ కేసులో అయిదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది.

సరళా వర్మ అన్న పేరు నాకు ముందే తెలుసు. తమ్ముడు పైకి చదువుతుంటే విన్నదే, సరళా వర్మ పద్దెనిమిది, సరళా వర్మ పదిహేడు అని ఎక్కాల్లా చదివేవాడు. అది ఒక టేబుల్ పేరు అనుకునేదాన్ని. ఆ తీర్పు తెచ్చుకుని చదివితే ఆవిడ ఒక మనిషి. భర్త వ్యవసాయ పరిశోధన సంస్థ ఐసీఏఆర్‌లో సైంటిస్టు, 38 ఏళ్ళు, 1988 ఏప్రిల్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు, ముగ్గురు చిన్న పిల్లలు. తీర్పు వచ్చింది 2009 ఏప్రిల్‌లో. మధ్యలో ఇరవయ్యొక్క ఏళ్ళు. దేశంలో ప్రతి ట్రిబ్యునల్‌లో రోజూ ఆవిడ పేరు చెప్పుకుంటారు, వాడూ పరీక్ష కోసం ఆవిడ పేరే బట్టీ పట్టాడు, చివరికి వాడి వయసు ఎదురుగా ఆ టేబుల్‌లో వేలు పెట్టి 18 అని చూపించింది నేను. వాడైతే ఇంకా బాగా చెప్పేవాడు నాకు.

2025 మార్చిలో అవార్డ్, అంటే ట్రిబ్యునల్ తీర్పు, వచ్చింది. నెలకి 12,000 సంపాదన అనుకున్నారు. 40 శాతం కలిపితే 16,800, ఏడాదికి 2,01,600, సగం తీసేస్తే 1,00,800, పద్దెనిమిదితో గుణిస్తే 18,14,400. దాని మీద లాస్ ఆఫ్ ఎస్టేట్ (పోయినవాడి ఆస్తికి జరిగిన నష్టం) 18,150, అంత్యక్రియలకి 18,150, కొడుకుని పోగొట్టుకున్నందుకు అమ్మకి 48,400 నాన్నకి 48,400. మొత్తం 19,47,500. ఇంతవరకు లాయర్ గారు చెప్పినట్టే వచ్చింది. ఆ తర్వాత పేరాలో, మృతుడు హెడ్‌లైట్ వెలుతురులో ముందున్న వాహనాన్ని గమనించి ఉండాల్సింది, వేగం అదుపులో ఉండి ఉంటే ప్రమాదం తప్పేది, కాబట్టి అతని నిర్లక్ష్యం కూడా 20 శాతం ఉందని రాశారు. అందుకని 3,89,500 తీసేసి 15,58,000, పిటిషన్ వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీ.

లాయర్ గారు మంచి అవార్డే అన్నారు. మామూలుగా చూస్తే మంచిదే. నాన్న మాత్రం డబ్బు మాట అడగలేదు, "వాడిది ఇరవై శాతం తప్పని రాశారా" అన్నాడు, అంతే. అమ్మకి శాతాలు తెలియవు. "ఇరవై అంటే ఎంతే" అంది. రూపాయిలో ఇరవై పైసలమ్మా అన్నాను. "ఇరవై పైసల తప్పు కూడా వాడు చేసి ఉండడు, వాడు బండి ఎలా నడుపుతాడో నాకు తెలీదా, వెనక కూర్చుంటే నాకే విసుగొచ్చేది" అంది. ఇంకా అపీల్ అని ఎవరూ అనకముందే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే వాడు ఎంత వేగంతో వచ్చాడో తెలిసింది నాకొక్కదానికే.

ఇప్పుడు ఆ 7:38 సంగతి. వాడు గుంటూరు దాటాక హైవే మీద బంకులో ఆగాడు. అకౌంట్‌లో డబ్బుల్లేవు, ఆర్‌డీ ఆ రోజే కట్టాడు. బంకులో క్యూఆర్ కోడ్ ఫోటో తీసి నాకు పంపి "అక్కా 100 కొట్టు, పెట్రోల్" అని పెట్టాడు. నేను ఆఫీసులో లెక్కలు క్లోజ్ చేస్తున్నాను, ఫోటో సేవ్ చేసి ఫోన్‌పేలో ఎక్కించి వంద పంపాను, 7:40. వాడు ఒక నమస్కారం బొమ్మ పెట్టాడు. అయిపోయింది. ఎనిమిదింటికి యాక్సిడెంట్.

నేను అది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. నేను వంద పంపకపోతే వాడు అక్కడే ఆగిపోయేవాడు, ఎవరినో అడిగేవాడు, ఇంకో పది నిమిషాలు లేటయ్యేది, ఆ లోపల ఆ డ్రైవర్ భోంచేసి వచ్చి లారీ తీసేసేవాడేమో, ఇలా ఎన్ని రాత్రులు అనుకున్నానో లెక్క లేదు. ఆ ఫోన్ మార్చేశాను, పాతది బీరువాలో బట్టల కింద పెట్టేశాను. ఫోన్‌పేలో కూడా ఆ నెల దాకా ఎప్పుడూ వెనక్కి వెళ్ళలేదు. నాన్న కోర్టులో "అనుట సరికాదు" అని సంతకం పెట్టిన రోజు కూడా నాకు తట్టలేదు, అది నేను చేసిన తప్పుగానే చూశాను గానీ అది ఒక సాక్ష్యం అని ఎప్పుడూ చూడలేదు.

అవార్డ్ వచ్చిన రాత్రి ఆ పాత ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టాను. బంకు నుంచి యాక్సిడెంట్ జరిగిన చోటుకి 14 కిలోమీటర్లు, మర్నాడు మా ఆయన బైక్ మీద మీటరు చూసుకుంటూ వెళ్ళొచ్చాం. 7:40కి డబ్బులు పడ్డాయి, ఎఫ్‌ఐఆర్‌లో టైం ఎనిమిది. ఇరవై నిమిషాల్లో 14 కిలోమీటర్లు అంటే గంటకి 42. ఎఫ్‌ఐఆర్ టైం అయిదు నిమిషాలు అటూ ఇటూ ఉందనుకున్నా, డబ్బులు పడ్డాక బండి తీయడానికి రెండు నిమిషాలు పట్టిందనుకున్నా అరవై అయిదు దాటదు. నాలుగు లైన్లు, ఆ పైన ఉన్న హైవే మీద బైక్‌కి కేంద్రం పెట్టిన పరిమితి 80.

నాన్నకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ముందు లెక్క చెప్పాను, ఆ తర్వాత వంద రూపాయల సంగతి. నాన్న చాలాసేపు ఏం అనలేదు. తర్వాత నా ఫోన్ తీసుకుని ఆ నమస్కారం బొమ్మ చూసి, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా" అన్నాడు.

ట్రిబ్యునల్ అవార్డ్ మీద 173 సెక్షన్ కింద 90 రోజుల్లో హైకోర్టుకి అపీల్ చేసుకోవచ్చు. నెలకి 12,000 తక్కువ, లా చదివేవాడికి ఇంకా ఎక్కువ వెయ్యాలి, దాని మీద కూడా అడుగుదామా అని లాయర్ గారు అడిగారు. "అది మీ ఇష్టమండి, ఎంతైనా అడగండి, ఇరవై మాత్రం తీయించండి" అన్నాడు నాన్న. అపీల్‌లో కొత్త సాక్ష్యం పెట్టడం తేలిక కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లో ఆర్డర్ 41 రూల్ 27 కింద విడిగా పిటిషన్ వెయ్యాలి, ఇది కింద కోర్టులో ఎందుకు పెట్టలేకపోయారో కారణం చూపించాలి, ఎంత జాగ్రత్తగా వెతికినా అప్పటికి మాకు తెలీదు అని నమ్మించాలి. పైగా ఫోన్‌లోది కాబట్టి సర్టిఫికెట్ కావాలి, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 65-బి అనేవాళ్ళు, కొత్త చట్టంలో 63వ సెక్షన్, ఫోన్ మోడల్, ఐఎంఇఐ నంబర్ అన్నీ రాయాలి. మీ దగ్గర ఇలాంటివి ఏమున్నా, మెసేజ్‌లు, టోల్ గేట్ టైం, పెట్రోల్ బిల్లు, ఏదైనా సరే మొదటి రోజే లాయర్‌కి చెప్పండి, ఫోన్ మార్చకండి. నాలా చేయకండి.

ఆ కారణం చెప్తూ అఫిడవిట్ నేనే ఇవ్వాలి. ఆ అమ్మాయి డ్రాఫ్ట్ చేస్తానంది, నేనే తెలుగులో రాసిస్తాను నువ్వు ఇంగ్లీషులోకి మార్చు అన్నాను. నాలుగు సార్లు చించాను. చివరికి పంపింది ఇంతే: ఆ రోజు నా తమ్ముడు అడిగితే పెట్రోలుకి వంద రూపాయలు నేను పంపాను. వాడు చనిపోవడానికి నేను కారణమని అనుకుని ఈ విషయం నా తల్లిదండ్రులకి చెప్పలేదు. అవార్డ్ వచ్చేదాకా వారికి ఇది తెలియదు. ఆమె చదివి, ఇందులో నేను మార్చేది ఏం లేదక్కా అంది. ఇంగ్లీషు కాపీ వచ్చాక మొదటి లైన్‌లో నా పేరు, వయసు, ఊరు, మృతుని సొంత అక్క అని ఉంది. ఆ కేసు కాగితాల్లో నా పేరు పడటం అదే మొదటిసారి.

జూన్‌లో అమరావతిలో ఫైల్ అయింది, నంబర్ పడింది, ఇంకా బెంచ్ మీదకి రాలేదు. మొన్న అమ్మ మిషన్ దగ్గర కూర్చుని ఎన్నాళ్ళు పడుతుందే అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. సరళా వర్మకి ఎన్నాళ్ళు పట్టిందని మీ తమ్ముడు చెప్పాడే అంది. ఎన్నాళ్ళో వాడు అమ్మకి చెప్పినట్టు నాకు తెలీదు. ఇరవయ్యొక్క ఏళ్ళు అన్నాను. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుని, "అయితే ఆ ఫోన్ బట్టల కింద పెట్టకు, చెమ్మ తగులుతుంది" అంది.